చిత్రకారుడు దామెర్ల రామారావు

నర్సీపట్నము తూర్పుకనుమల పాదమున నున్న పట్టణము. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఊరి వెలుపల నిలిచి ఉత్తరమునకు చూచినచో చింతపల్లి మన్యమునకు దారితీయు కొండలు వరుస వెనుక వరుసగా కానవచ్చును. దగ్గరి వరుస పచ్చగా నుండును. దాని వెనుకది నీలము. అన్నిటికంటె వెనుకనున్నది పొగవలె నుండి, కొండయో మబ్బో తెలియరాదు. దక్షిణమునకు తిరిగి చూచినచో చెరకుతోటలు, వరిపొలములు, నడుమనడుమ తాటిచెట్లు. వాని చివర నింగి వంగి నేలను తాకినట్లు తోచును. మనుష్యుడు నిలిచినచోటనే నిలిచి మడమ త్రిప్పినంతమాత్రమున రెండు వేరు లోకములు కన్పట్టును. ఒక బాలుడు కాగితము ముందిడుకొని ఈ దృశ్యమును గీయబూనినచో, మొదటి గీత గీయకమునుపే వానికొక చిక్కు వచ్చును. నింగియు నేలయు కలియు ఆ గీతను కాగితముపై ఎచ్చట నుంచవలెను? నడుమనా, పైకా, క్రిందికా?

ఆ గీతకు క్షితిజరేఖ యని పేరు. చూచుటకిది చిన్న ప్రశ్న. కాని చిత్రమున కంతకును ఆయువుపట్టు అదియే. గీతను అడుగునకు దించినచో ఆకాశము విస్తరించి మేఘములు, వెలుగు, గాలి ప్రధానములగును. పైకెత్తినచో నేల పెరిగి పొలములకును, బాటలకును, మనుష్యులకును చోటు చిక్కును. సరిగా నడుమ గీచినచో చిత్రము రెండు సమభాగములై, వానిలో ఏది ముఖ్యమో తేలక చూపు ఊగిసలాడును. హాలెండు దేశమున కొండలు లేవు. నేల అరచేతివలె చదునైనది. కావున 17వ శతాబ్దమునందు రైస్డాల్ మొదలగు ఆ దేశపు చిత్రకారులు క్షితిజరేఖను మిక్కిలి క్రిందికి దించి, చిత్రములో మూడింట రెండువంతులకు పైగా ఆకాశమునకే విడిచిరి. చైనాదేశపు పాత చిత్రపటములలో కొండపై కొండ పేర్చినట్లుండి ఆకాశము పైయంచున ఇంచుక మాత్రమే మిగులుట కలదు. దేశమునుబట్టియు, హృదయమును బట్టియు ఆ గీత కదలుచుండును.

నర్సీపట్నమునకు ఉత్తరమున నున్న ఆ కొండల వరుసయే నైరుతి దిక్కునకు సాగి, వందకు పైగా కిలోమీటర్ల దూరమున గోదావరికి అడ్డముగా నిలుచును. గోదావరి వానిని చీల్చుకొని మైదానమునకు దిగును. కొండల నడుమ ఇరుకున పారు ఆ నదిని, కొండలు దాటి సముద్రమువలె విరివియైన ఆ నదిని చిత్రించుటకు పూనిన ఆంధ్ర యువకుడు దామెర్ల రామారావు. ఆతడు జీవించినది ఇరువదియెనిమిదేండ్లు కూడ కాదు.

రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమునందు జన్మించెను. తండ్రి వేంకటరమణారావు వైద్యుడు. ఆ యేడే ఆ పట్టణమున మరియొక గొప్పపని ఆరంభమయ్యెను. గోదావరికి అడ్డముగా రైలువంతెన కట్టుటకు పూనుకొనిరి. బాలుడు మూడేండ్లవాడగునప్పటికి, 1900లో, వంతెన పూర్తియై దానిపై బండ్లు నడువసాగెను. అంతకు అర్ధశతాబ్దము ముందే, 1852లో, ధవళేశ్వరమువద్ద కాటనుదొర ఆనకట్ట ముగిసియుండెను. ఇట్లు మనుష్యుడు కట్టిన కట్టడములు రెంటి నడుమ గోదావరి నిండుగా నిలిచియుండు చోటు రామారావు పుట్టిన ఊరు.

ఆ ఊరు నదికి తూర్పుగట్టున నున్నది. ఆవలిగట్టు కొవ్వూరు. కావున రాజమహేంద్రవరపు రేవులలో కూర్చున్నవానికి సూర్యాస్తమయము నీటి ఆవలనే జరుగును. వేసవిలో నది సన్నగిల్లి ఇసుకతిన్నెలు, లంకలు బయటపడును. ఆషాఢ శ్రావణములలో ఎర్రనీరు వచ్చి ఆ తిన్నెలన్నియు మాయమగును. తెరచాపలెత్తిన పడవలు, రేవులో స్నానము చేయువారు, బిందెలతో మెట్లెక్కు స్త్రీలు, తడిగుడ్డలు పిండువారు - ఇట్టివి నిత్యము కంటబడు ఊరిలో చిత్రకారుడు పుట్టుట ఆశ్చర్యము కాదు. పుట్టినవానిని గుర్తించువాడు దొరకుటయే అరుదు. రామారావున కట్టివాడు దొరకెను.

ఆ కాలమున రాజమహేంద్రవరపు ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా నుండెను. దొరతనపు కొలువులో నున్నవారందరును ఒక్కతీరువారు కారు. కూల్డ్రే కవి, కథకుడు, చిత్రకారుడు. గోదావరీతీరమును తానే నీటిరంగులతో చిత్రించెడివాడు. ఆంధ్రదేశపు బాటలను, పడవలను, పల్లెలను ప్రేమించి వానిని గూర్చి గ్రంథము వ్రాసినవాడు. తరువాతికాలమున నవలారచయితగా పేరొందిన అడివి బాపిరాజు, కవి కవికొండల వేంకటరావు ఆయన శిష్యులు. చదువు చెప్పుటతో గురువుపని తీరినదని ఆయన తలపలేదు. ఎవని చేతిలో ఏ విద్య దాగియున్నదో వెదకెడివాడు. రామారావు చేతిలో నున్నది చిత్రలేఖనమని ఆయన కనిపెట్టెను.

కనిపెట్టుట ఒక యెత్తు, దానికొక దారి చూపుట మరియొక యెత్తు. ఆ దినములలో చదువుకొన్న కుటుంబపు బాలుడు పరీక్షలు కృతార్థుడై ప్లీడరో, వైద్యుడో, ఉద్యోగియో కావలెనని పెద్దలు కోరుట సహజము. బొమ్మలు గీచి బ్రదుకువచ్చునని నమ్మినవారు లేరనియే చెప్పవచ్చును. నేడైనను అట్టి నమ్మకము గలవారెందరు? అట్టి కాలమున కూల్డ్రే పూనికవలన రామారావు 1916లో బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలలో చేరెను. 1857లో నెలకొల్పబడిన ఆ పాఠశాల దేశమునందలి పెద్ద చిత్రకళాశాలలలో నొకటి. అప్పుడు సెసిల్ బర్న్స్ దాని ప్రిన్సిపాలు. తెలుగుదేశపు నదీతీరమునుండి వచ్చిన పందొమ్మిదేండ్ల యువకుని చేతినేర్పు అచ్చటి గురువుల మన్నన పొందెను.

బొంబాయిలో రామారావు నేర్చినది పాశ్చాత్యుల పద్ధతి. మనుష్యుని ఎదుట కూర్చుండబెట్టి, ఎముకల అమరికయు, కండరముల పొంకమును ఎరిగి చిత్రించుట. వెలుగు ఒకవైపునుండి పడునప్పుడు నీడ ఎచ్చట చిక్కనగునో చూచుట. దూరమున నున్నది చిన్నదిగా ఎట్లు మారునో లెక్క కట్టుట. ఈ కడపటి విద్యకు పర్‌స్పెక్టివ్ అని పేరు. దానికి మొదటి మెట్టు క్షితిజరేఖయే.

ఈ విషయము కొంత నిదానముగా తెలిసికొనదగినది. క్షితిజరేఖ నేలమీద ఎచ్చటను లేదు. అది చూచువాని కంటితోనే వచ్చును. ఆతడు కూర్చుండినచో తానును కూర్చుండును. మేడ యెక్కినచో తానును ఎక్కును. ఎప్పుడును అది సరిగా కంటియెత్తుననే నుండును. సముద్రపుటొడ్డున 5 అడుగుల ఎత్తున కన్నులు గలవానికి ఆ రేఖ రమారమి నాలుగున్నర కిలోమీటర్ల దూరమున నుండును. ఆతడే 100 అడుగుల ఎత్తు ఎక్కినచో అది 20 కిలోమీటర్ల వరకు వెనుకకు జరుగును. రైలుకమ్ముల నడుమ నిలిచి చూచినచో ఆ రెండు కమ్ములును దూరమున ఒకచోట కలిసినట్లు కన్పట్టును. నేల సమముగా నున్నచో ఆ కలయిక క్షితిజరేఖపైననే జరుగును. కంటికి పైనున్న వస్తువుల అడుగుభాగము కనబడును. క్రిందనున్న వస్తువుల పైభాగము కనబడును. గోదావరిలో పడవపై కూర్చున్నవానికి వంతెన దూలముల అడుగు కనబడును. గట్టుపై నిలిచినవానికి పడవ లోపలి బల్లలు కనబడును. వస్తువులు మారలేదు, కన్ను మారినది.

కావున చిత్రకారుని ముందు రెండు నిర్ణయములు కలవు. ఎచ్చట కూర్చుండవలెనను దొకటి. తన కంటియెత్తు గీతను కాగితములో ఏ మట్టమున పడనీయవలెనను దింకొకటి. మొదటిది కాళ్లతో చేయు నిర్ణయము, రెండవది మనస్సుతో చేయునది. కొత్తగా నేర్చువారు ఈ రెంటిని కలగలుపుదురు. మరియొక పొరపాటును చేయుదురు. కొండలు గల చోట కొండకొమ్ముల గీతనే క్షితిజరేఖ యనుకొందురు. నర్సీపట్నమునుండి ఉత్తరమునకు చూచువానికి నిజమైన క్షితిజరేఖ కొండల కొనలయందు లేదు. అది కొండల పాదములకు ఇంచుమించుగా, వాని వెనుక దాగి, కంటియెత్తున నుండును. ఈ సంగతి మరచి పొలములను కొండకొమ్ములవైపు సాగదీసి గీచినచో చదునైన నేల గోడవలె నిలువబడును. చెరువునీరు వాలుగా జారుచున్నట్లు తోచును. ఎంత చక్కని రంగులు వేసినను ఆ దోషము మాసిపోదు.

పాఠశాలలో నున్న కాలముననే రామారావు మనస్సు మరియొకవైపునకు కూడ లాగుచుండెను. ఆతడు అజంతా గుహలను చూచెను. అచ్చటి గోడలపై బుద్ధుని కథలను వ్రాసిన చిత్రకారులు క్షితిజరేఖను పట్టించుకొనలేదు. ఒక చిత్రములోనే రాజమందిరము ఒక ఎత్తునుండియు, అడవి వేరొక ఎత్తునుండియు కన్పట్టును. మనుష్యులు ఒకరి వెనుక నొకరు గాక ఒకరిపై నొకరు నిలిచియుందురు. అయినను చూచువానికి కొరత తోచదు. నిలుకడయైన ఒక్క కంటితో గాక, కథ వెంట నడచిపోవు కంటితో చూచి వ్రాసిన చిత్రములవి. వారి గీతలోని బిగువు, వంపు, ప్రాణము రామారావును పట్టుకొనెను. బొంబాయి నేర్పిన దొక చూపు. అజంతా చూపిన దింకొకటి. ఏ ఒక్కదానిని విడిచిపెట్టుటకును ఆతనికి మనసొప్పలేదు. ఆతని కడమ జీవితమంతయు ఈ రెంటిని పొసగించుటయందే గడచినదనవచ్చును.

1920 నాటికి బొంబాయి చదువు ముగిసెను. అప్పటికే సత్యవాణితో వివాహమైయుండెను. గుర్జరదేశమున సంచరించి అచ్చటి మనుష్యులను, వేషములను, వీథులను చిత్రించెను. కలకత్తాకు పోయి బెంగాలు చిత్రకారులతో పరిచయము పొందెను. ఆనాడు దేశమంతట అవనీంద్రనాథ ఠాకూరు శిష్యులదే పేరు. పలుచని రంగుల పొరపై పొర పూసి, మంచుతెర వెనుకనుండి చూచినట్లు బొమ్మలు వ్రాయుట వారి పద్ధతి. ఆంధ్రదేశమునందును మచిలీపట్టణపు జాతీయకళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు ఆ మార్గమును బోధించెను. అడివి బాపిరాజు ఆయనయొద్ద నేర్చెను. రామారావు వారిని గౌరవించెను గాని వారి మంచుతెరను పూర్తిగా స్వీకరింపలేదు. ఇది గర్వమువలన జరిగినది కాదు. గోదావరీతీరపు ఎండ మంచువంటిది కాదు గదా! అచ్చటి నీడలకు అంచులు కలవు; అచ్చటి శరీరములకు బరువు కలదు. తన నేలకు తగిన మార్గమును తానే వెదకికొనవలసి వచ్చెను.

ఆతని ముందు రెండు దారులుండెను. బొంబాయిలోనో, ఏదేని సంస్థానములోనో నిలిచి, ధనవంతుల మూర్తులు వ్రాసి సుఖముగా జీవించుట ఒకటి. చిత్రకళకు ఆదరణ లేని స్వస్థలమునకు మరలి వచ్చుట రెండవది. రామారావు రాజమహేంద్రవరమునకు వచ్చెను. అప్పటికి కూల్డ్రే అచ్చట లేడు. వినికిడి తగ్గుటచేత 1919లో కొలువు విడిచి స్వదేశమునకు పోయియుండెను. శిష్యుడు తీర్పరి లేని ఊరిలో పని ఆరంభించెను.

ఆ తరువాతి అయిదేండ్లలో ఆతడు చేసిన పని చూచినచో విస్మయము గలుగును. పుష్పాలంకారము, సిద్ధార్థ రాగోదయము, నందిపూజ, కార్తిక పౌర్ణమి మొదలగు చిత్రములలో స్త్రీపురుషుల శరీరములు బొంబాయి చదువునుబట్టి నిండుగా, పొంకముగా నుండును. వానిని చుట్టివచ్చు గీత మాత్రము అజంతాను తలపించును. విభాండకుని కుమారుడైన ఋష్యశృంగుని స్త్రీలు వశపరచుకొనుట యను కథను ఆతడు చిత్రింపగా, 1922లో కలకత్తా ప్రదర్శనమునందు దానికి వైస్రాయి బహుమతి లభించెను. ఆంధ్ర చిత్రకారుడొకడున్నాడని దేశమునకు తెలిసెను.

ఈ పురాణచిత్రములనే మెచ్చి ఆతని ప్రకృతిదృశ్యములను ప్రక్కకు నెట్టుట కొందరికి అలవాటు. అది న్యాయము కాదు. ఎక్కడికి పోయినను కాగితమును పెన్సిలును విడువక నదిని, కొండలను, చెట్లను, రేవులను గీచుకొనుట ఆతని నిత్యవ్రతము. గోదావరిని చిత్రించుట ఎంత కష్టమో గట్టున కూర్చుండి ప్రయత్నించినవారికే తెలియును.

రాజమహేంద్రవరము వద్ద నది వెడల్పు రమారమి రెండు మైళ్లు. ఆవలిగట్టు చెట్లు పచ్చని దారమువలె సన్నగా కన్పట్టును. ఆ దారము ఇంచుమించుగా చూచువాని కంటియెత్తుననే నుండును. దానికి పైన ఆకాశము, క్రింద నీరు. సాయంకాలమున రెంటి రంగును ఒక్కటే. ఆ దారమును కాగితమునకు నడుమ వేసినచో చిత్రము మధ్యకు మడిచిన వస్త్రమువలె నుండును. క్రిందికి దించినచో నది సన్నని పట్టీయై, గోదావరి గోదావరి కాకుండ పోవును. కాని వర్షాకాలపు మబ్బులను వ్రాయువానికి అదియే తగినది. పైకెత్తినచో నీరు విశాలమగును. అయితే ఆ విశాలమైన నీటిని నింపుట ఎట్లు? ఒక పడవయో, ఇసుకతిన్నెయో, అలల మీది వెలుగుబాటయో చూపును ముందునుండి వెనుకకు నడిపింపవలెను. లేనిచో అది నీరు గాదు, రంగు పూసిన గోడ. ఎత్తు మార్చుకొనుటకు నేలయందును ఉపాయము లేకపోలేదు. రేవు మెట్లలో అడుగుమెట్టున కూర్చుండినచో నది ముడుచుకొనును. గట్టుపైకి వచ్చినచో విచ్చుకొనును. ఆ మెట్లన్నియు చిత్రకారునికి కొలబద్దలే.

కొండలలో ప్రవేశించినంతనే చిక్కు తలక్రిందులగును. పాపికొండల నడుమ గోదావరి ఇరుకై, లోతై, మలుపు వెనుక మలుపు తిరుగును. రెండువైపుల కొండలు నీటినుండి నిట్టనిలువుగా లేచును. నింగియు నేలయు కలియు గీత అచ్చట ఎందును కనబడదు. ముందరి కొండ వెనుకకు నీరు మళ్లి మాయమగు చోట, నీటి అంచునకు ఇంచుక పైన, అది దాగియుండును. కనబడని ఆ గీతను మనస్సులో పట్టుకొని, దానికి లోబరచి నీటిని పరువవలెను. కొండలకు ఎత్తు రావలెనన్నచో కంటియెత్తు క్రిందనుండవలెను. పడవలో కూర్చుండి చూచువానికి కొండ ఎంత ఉన్నతమో శిఖరముపై నిలిచినవానికి కాదు. తూర్పుకనుమలలోని గోదావరిని రామారావు చిత్రించిన దృశ్యములు ప్రసిద్ధికెక్కినవి. పాశ్చాత్యులనుండి నేర్చిన దూరపు లెక్క లేనిచో ఆ దృశ్యములలో నీరు సమముగా నిలువదు. స్వదేశపు నదిపై ప్రేమ లేనిచో వానిలో జీవము నిలువదు.

ఆ 1922వ సంవత్సరమునందే ఆ కొండలు మరియొక కారణముచేత దేశమంతట మారుమ్రోగెను. అల్లూరి సీతారామరాజు ఆగస్టు నెలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసి ఆయుధములను పట్టుకొనెను. అడవిచట్టముల క్రింద నలిగిన మన్యపుప్రజలు ఆయన వెంట నడచిరి. నర్సీపట్నము ప్రభుత్వ బలగములకు స్థావరమయ్యెను. రాజును 1924 మే 7వ తేదీన కాల్చి చంపిరి. రామారావును, సీతారామరాజును ఇంచుమించుగా ఒకే వయస్సువారు. ఇద్దరును ముప్పదియేండ్లు నిండకయే పోయిరి. ఒకే కొండలవరుసను ఒకడు కుంచెతోను, ఒకడు విల్లుతోను ఎరిగెను.

రామారావు తన పేరుతోనే తృప్తిపడువాడైనచో ఆతని కథ ఇచ్చటనే ముగియును. ఆతడు రాజమహేంద్రవరమునందు చిత్రకళాపాఠశాలను నెలకొల్పి యువకులకు నేర్పసాగెను. చిత్రకారుల సంఘమును కూర్చి ప్రదర్శనములు జరిపించెను. ప్రాణమిత్రుడు వరదా వేంకటరత్నము ఆతనికి కుడిచేయి. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ చిత్రకారిణి. భార్య సత్యవాణియు కుంచె పట్టెను. స్త్రీలు గడపదాటి చదువుటయే అరుదైన ఆ కాలమున ఒక ఇంటిలో ఇద్దరు స్త్రీలు చిత్రలేఖనము నభ్యసించుట సామాన్యవిషయము కాదు. ఈ పాఠశాలనుబట్టియే తరువాత విమర్శకులు రాజమండ్రి సంప్రదాయమని ఒక చిత్రకళామార్గమును పేర్కొనుచున్నారు. 1924లో లండను సమీపమున వెంబ్లీయందు జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనములో రామారావు చిత్రములు ఉంచబడెను. ఆతని గోదావరి సముద్రములు దాటెను గాని ఆతడు దాటలేదు.

1925వ సంవత్సరారంభమున ఆతనికి మశూచి సోకెను. ఆ కాలమున ఆ వ్యాధి ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టెడిది. సోకినపిమ్మట దానికి మందు లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ మశూచి నిర్మూలనమైనదని ప్రకటించుటకు 1980 వరకు పట్టెను. ఫిబ్రవరి 6వ తేదీన రామారావు కన్నుమూసెను. ఇరువదియెనిమిదవ జన్మదినమునకు ఇంక ఒక మాసమే మిగిలియుండెను.

చిత్రకారుడు పోయినపిమ్మట చిత్రములు నిలుచుననుట సులభము. కాని అవి తామై నిలువవు. చెదలు, తేమ, ఎలుకలు, అప్పులు - ఇవన్నియు వానికి శత్రువులు. ఒకటొకటిగా అమ్ముకొనినచో పది ఇండ్లకు చెదరిపోవును. అటకపై పెట్టినచో నదీతీరపు తేమకు నశించును. ముప్పదియేండ్లు నిండని కుటుంబపు యజమాని పోయిన ఇంటిలో ఆ తైలవర్ణచిత్రములకును, నీటిరంగుల పటములకును, పెన్సిలు గీతల పుస్తకములకును అట్టి గతియే పట్టవలసినది. దానిని తప్పించినవారు సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ, వేంకటరత్నము. వారు చిత్రములను విడిపోనీయలేదు. వేంకటరత్నము స్నేహితుని పేర నొక చిత్రశాల ఏర్పడవలెనని ఊరిలోని పెద్దలను కూడగట్టెను, పాఠశాలను సాగించెను. తాను చిత్రకారుడయ్యు, తన కుంచెకు కేటాయింపవలసిన కాలములో ఎంతయో భాగము మిత్రుని చిత్రములను కాపాడుటకే వెచ్చించెను. ఇట్టి స్నేహము చరిత్రలలో తరచుగా కానరాదు. తరువాత ప్రభుత్వము ఆ చిత్రశాలను స్వీకరించెను.

దామెర్ల రామారావు చిత్రశాల రాజమహేంద్రవరమున గోదావరిగట్టు సమీపమున నున్నది. దానిలో సిద్ధార్థుడును, పూలు ముడుచుకొను స్త్రీలును, కనుమల నడుమ గోదావరియు గోడలపై కొలువుదీరియున్నారు. వెలుపలికి వచ్చి గట్టెక్కినచో ఆవలి కొవ్వూరు చెట్లు పచ్చని దారమువలె కన్పట్టును. మెట్లు దిగినకొలది ఆ దారమునకును ఈవలియొడ్డు నీటికిని నడుమ నున్న నది క్రమముగా సన్నబడుచుండును. అడుగుమెట్టున కూర్చున్నవానికి నీటికంటె ఆకాశమే ఎక్కువ.